మూడురకాల టీచరు

మూడో తరగతి టీచరుకి ఒకే ఒక్క జబ్బు. ఏ పనైనా సరే, ఎవరికైనా సరే, మూడు రకాలుగా తయారుచేస్తే గాని ఆవిడకి మనశ్శాంతి ఉండదు. తేలికరకం, మధ్యరకం, కష్టంరకం. బడిలో అందరూ ఆవిడని మూడురకాల టీచరనే పిలుస్తారు. ఆవిడ వినపడనట్టు ఊరుకుంటుంది.

దారినపోయే మనిషి బస్సు స్టాండు ఎటని అడిగితే అందరిలా చెయ్యి చాపి చూపించదు. కళ్ళద్దాల పైనుంచి ఒకసారి తేరిపార చూసి, "మీకు కుడి ఎడమలు గబుక్కున తడతాయా, కొంచెం తడబడతారా?" అని అడుగుతుంది. తడబడతానంటే కుడి ఎడమల ఊసే లేకుండా, "మందుల షాపు దాకా వెళ్ళి తలెత్తండి, పెద్ద గడియారం కనిపిస్తుంది, దాని కిందికి వెళ్ళండి" అంటుంది. తడబడనని కోతలు కోస్తే, "రెండో మలుపు, అక్కణ్ణించి మీరే ఆలోచించండి" అని పంపేస్తుంది. అలా వెళ్ళినవాళ్ళలో ఎందరికి బస్సు దొరికిందో మనకు తెలియదు.

ఆవిడ భర్త దర్జీ. పొయ్యి మీద పాలు పెట్టి బయటికి వెళ్ళాల్సివస్తే ఆవిడ ఆయనకోసం మూడు చీటీలు రాసి పెడుతుంది. మొదటిది, 'పాలు పొంగుతాయి, చూస్తూ ఉండండి.' రెండోది, 'పాలు పొంగేలోపు మీరు చేయవలసిన పని ఏది?' మూడోది, 'గిన్నెలో ముప్పావువంతు పాలున్నాయి. ఎప్పుడు పొంగుతాయో అంచనా వేసి కారణం రాయండి.' "పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది సార్. నేనింకా తేలికరకంలోనే ఉన్నాను," అని ఆయన ఒకసారి ఆవిడకి అన్నం డబ్బా ఇవ్వడానికి బడికొచ్చి పెద్దసారుతో చెప్పుకున్నాడు. ఆ మాటలో ఉన్నది బాధో గర్వమో పెద్దసారుకి అంతుపట్టలేదు.

పెద్దసారంటే ఆ బడి హెడ్మాస్టరు. ఏళ్ళ తరబడి భాష చెప్పి ఆ కుర్చీ ఎక్కిన మనిషి. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఊదారంగు సిరాతో తప్ప రాయడు. అలాంటి మనిషి ముందు ఒకరోజు మూడురకాల టీచరు మూడు సెలవుచీటీలు పరిచింది.

"ఇవేంటమ్మా, మూడు రోజులు సెలవా?" అన్నాడు పెద్దసారు.

"ఒక్కరోజే సార్. ఇది మామూలుగా ఉన్నప్పుడు చదవడానికి. ఇది తొందరలో ఉంటే."

"మరి ఇది?"

"కోపంగా ఉంటే సార్."

పెద్దసారు మూడోది తీసి చూశాడు. 'పళ్ళ నొప్పి. రేపు రాను.' అని ఉంది. ఆయనకి నిజంగానే కోపమొచ్చింది, కాని అప్పటికే చదవడం అయిపోయింది, సంతకం పెట్టేశాడు.

ఆవిడ సంగతి అలా ఉంచి పెద్దసారు గుట్టు ఒకటి చెప్పాలి. ఆయనకి శాతాలు రావు. నూటికి ఇంత అనే మాట వినపడితే చాలు, ఆయన వేరే పని కల్పించుకుని లేచిపోతాడు. చిన్నప్పుడెప్పుడో ఆ పాఠం జరిగిన వారం జ్వరంతో పడుకున్నాడు. ఆ తర్వాత అడగడానికి సిగ్గుపడ్డాడు. ఏళ్ళు గడిచేకొద్దీ సిగ్గు పెరిగిందే గాని పాఠం రాలేదు. హెడ్మాస్టరయ్యాక ఏటా పంపాల్సిన నివేదికలో లెక్కలన్నీ ముసలి గుమాస్తా వేసిపెట్టేవాడు. గుమాస్తా రిటైరైన ఏడాది పెద్దసారు తలుపేసుకుని, చెమటలు కక్కుతూ, ఆ లెక్క తనే వేశాడు.

సమీక్ష సమావేశంలో నలభైమంది హెడ్మాస్టర్ల ముందు నిలబడి ఆ నివేదిక చదివాడు. బడిలో నూట అరవై ఎనిమిదిమంది పిల్లలు. రోజూ సుమారుగా వచ్చేది నూటయాభైమంది. ఆయన దాన్ని తలకిందులుగా భాగించి, కంచుకంఠంతో, "మా బడి హాజరు నూటపన్నెండు శాతం" అని ప్రకటించాడు.

విద్యాధికారి కలం కింద పెట్టాడు. "పుట్టబోయే పిల్లలు కూడా వస్తున్నారా మాస్టారూ?" అన్నాడు.

గదంతా గొల్లున నవ్వింది. పెద్దసారు కూడా నవ్వాడు. నవ్వకపోతే ఏడవాల్సివస్తుందని నవ్వాడు. ఆ రోజునుంచి చుట్టుపక్కల బళ్ళలో ఆయన పేరు నూటపన్నెండు మాస్టారు. నూటపన్నెండు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టిన ఆ నివేదిక తిరిగొస్తే నాలుగు ముక్కలుగా చింపి తన గదిలో చెత్తబుట్టలో వేశాడు. అక్కడ ఎవరైనా చూస్తారేమోనని తీసి వరండాలో బుట్టలో వేశాడు. అదీ నమ్మకం చాలక దానిమీద రెండు పాత వార్తాపత్రికలు కప్పి వచ్చాడు.

ఆ అవమానం ఎవరిమీద తీర్చుకోవాలో తెలియక ఆయన కాగితంమీద పడ్డాడు. నోటీసుబోర్డులో ఊదారంగు ఉత్తర్వు ఒకటి వెలిసింది. 'ఇందుమూలముగా సమస్త ఉపాధ్యాయవర్గమునకు తెలియజేయునది ఏమనగా, కాగితవ్యయము మితిమీరి ప్రబలుచున్నందున, ఇకమీదట తరగతికి ఏకపత్రవిధానమే అనుసరణీయము.'

మర్నాటికల్లా దాని పక్కన ఇంకో రెండు కాగితాలు అంటించి ఉన్నాయి. ఒకదాని మీద 'కాగితం తక్కువ వాడండి' అని, రెండోదాని మీద 'తరగతి మొత్తానికి ఒకే రకం కాగితం ఇస్తే ఎంత మిగులుతుంది? చర్చించండి' అని.

పెద్దసారు ఆవిడని పిలిపించాడు. "నా ఉత్తర్వుకి కూడా మూడు రకాలా? రెండే ఉన్నాయిగా. మూడోదేది?"

"మీరు రాసిందే సార్. అదే కష్టంరకం."

బడికిచ్చే కాగితం తగ్గిపోయాక ఆవిడ ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితంముక్కల కోసం సాయంత్రాలు చెత్తబుట్టలు వెతకడం మొదలుపెట్టింది. వరండాలో బుట్ట కూడా వెతికింది. పెద్దసారు అది చూడలేదు.

వేసవి సెలవులొచ్చాయి. బడికి సున్నం వేయించే పని పడింది. ఎనిమిది గదులు, ఒక మేస్త్రి, బోలెడన్ని బకెట్లు. పెద్దసారు మేస్త్రిని కనిపెట్టి ఉండాలన్న వంకతో రోజూ వచ్చేవాడు. అసలు సంగతి, బడి తెరిచేలోపు మళ్ళీ ఆ నివేదిక తయారుచేయాలి, మళ్ళీ ఆ నలభైమంది ముందు చదవాలి. ఇంట్లో ఆ కాగితం ముందు తలపట్టుకు కూర్చుంటే భార్య ఏమైందని అడుగుతుంది. బడిలో అడిగేవాళ్ళుండరు.

మూడురకాల టీచరు కూడా రోజూ వచ్చేది. బెంచీలన్నీ ఓ మూలకి నెట్టి, నేలమీద రేకుపెట్టె తెరిచి, వచ్చే ఏడాది మూడో తరగతికి రాబోయే ముప్పైఒక్కమందికీ పనికాగితాలు రాసుకుంటూ కూర్చునేది. ఒక్కో పాఠానికి మూడు రకాలు. కాని చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. అదే బొమ్మ, అదే తలకట్టు, అన్నే ప్రశ్నలు. కింద మూల మాత్రం ఒక బుల్లి చీమ బొమ్మ ఉంటుంది.

"ఇంత అవస్థ ఎందుకమ్మా? ఒకటే రాసి అందరికీ పంచలేరా?" అన్నాడు పెద్దసారు ఒకరోజు గుమ్మంలో నిలబడి.

"ఒకటే ఇస్తే సగంమందికి విసుగు సార్, సగంమందికి సిగ్గు. విసుగు ఫరవాలేదు, కిటికీలోంచి బయటికి చూసుకుంటారు. సిగ్గే పోదు."

పెద్దసారు మాట మార్చి, "చీమ ఎందుకూ?" అన్నాడు.

"పిల్లలకి చీమలంటే ఇష్టం సార్." ఆవిడ తలెత్తకుండానే ఒక కాగితం తీసింది. "ఒక సాయం చేస్తారా? లెక్కలు నావే, మాటలు సరిగా కుదిరాయో లేదో మీరు చూడాలి. భాషలో మీరు పెద్దవాళ్ళు. కాని ఊరికే చదివితే తప్పు దొరకదు సార్. చేసుకుంటూ పోతే దొరుకుతుంది."

పెద్దసారు కాగితాన్ని పెద్దరికంగా అందుకుని తన గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. 'మేస్త్రి దగ్గర పది బకెట్లున్నాయి. ఐదింటిలో సున్నం ఉంది. సగమా, సగంకంటే ఎక్కువా?' ఆయన పకపకా నవ్వాడు. సగం అని రాశాడు. తర్వాతది చేశాడు. ఆ తర్వాతది కూడా చేశాడు. ఆఖరిదానికి వచ్చేసరికి సగమంటే నూటికి యాభై అని తన చేత్తోనే రాసి ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

తిరిగివ్వబోతూ గుమ్మంలో ఆగాడు. మాటలు చూడమంటే లెక్కలు చేశాడేమిటి అనుకోదూ? అప్పటికప్పుడు నోటికి దొరికిన అబద్ధం ఆడేశాడు.

"ఇది మా మేనకోడలు చేసిందమ్మా. మా చెల్లెలి కూతురు. సెలవులకి వచ్చింది."

"అలాగా సార్. చేతిరాత ఎంత బాగుందో. ఎన్నేళ్ళు పాపకి?"

పెద్దసారు అంతదూరం ఆలోచించలేదు. "ఎనిమిది. తొమ్మిది. ఎనిమిదిన్నర," అన్నాడు.

ఆవిడ ఊదారంగు జవాబుల పక్కన ఎర్రగా సరి గుర్తులు పెట్టింది. పదికి పది. ఆ రోజు ఇంటికి నడుస్తూ పెద్దసారు దారిలో రెండుసార్లు తనలో తనే నవ్వుకున్నాడు, రెండుసార్లూ వెంటనే సిగ్గుపడ్డాడు.

అప్పట్నుంచి రోజుకో కాగితం. మేనకోడలు తెగ చదివేసింది. నాలుగింట ఒకటి నేర్చుకుంది, ఐదింట మూడు నేర్చుకుంది. ఒకరోజు మాత్రం మొత్తం ఎనిమిది గదుల్ని సున్నం వేసిన ఐదింటితో భాగించి నూట అరవై శాతం తెచ్చుకుంది. టీచరు ఆ కాగితం చూసి నవ్వలేదు.

"పాపకి చెప్పండి సార్, మొత్తం ఎప్పుడూ కింద రాయమని. వచ్చింది పైన. నూరు దాటిందంటే తలకిందులైందన్నమాట, కంగారుపడక్కర్లేదు, తిప్పి రాసుకుంటే చాలు."

ఈ మాట పోయిన ఏడాది ఒక్కరు చెప్పి ఉంటే, అనుకున్నాడు పెద్దసారు. "దానికి లెక్కలంటే కొంచెం బెదురమ్మా," అన్నాడు పైకి.

"ఎప్పుడైనా ఎవరైనా నవ్వి ఉంటారు సార్."

పెద్దసారు గబుక్కున కిటికీలోంచి తొంగిచూసి, ఆ గోడ సరిగా వేయలేదని మేస్త్రిని కేకలేశాడు. మేస్త్రి ఆ గోడ దగ్గరికి ఇంకా రానేలేదు.

ఇంకోరోజు ఆవిడ సన్నగా చెక్కిన పెన్సిలొకటి ఇచ్చింది. "ఇది పాపకి సార్. సిరాతో రాస్తే తప్పు అక్కడే ఉండి వెక్కిరిస్తుంది. పెన్సిలైతే చెరుపుకోవచ్చు." పెద్దసారు దాన్ని జేబులో పెట్టుకున్నాడు. సెలవులు ముగిసేదాకా అది ఆయన జేబు దిగలేదు. "మీ మేనకోడలు బాగా ముందుకొస్తోంది సార్" అని ఆవిడ అన్నప్పుడల్లా, "దానికి అన్నీ నా పోలికలే" అనేవాడు. ఆవిడ అవునండీ అనేది.

ఇంత జరిగాక ఆయన ఆవిడకి మేలు చేస్తాడని ఎవరైనా అనుకుంటారు. కాని భయం మనిషిచేత ఎంత పనైనా చేయిస్తుంది. బడి తెరవడానికి నాలుగు రోజుల ముందు విద్యాధికారి కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఎల్లుండి సమీక్ష. హాజరు శాతం బోర్డుమీద వేసి వివరించాలి. కాగితం పొదుపు గురించి కూడా చెప్పాలి. హాజరు మాట చూడగానే పెద్దసారు కుర్చీలో కూలబడ్డాడు. పెన్సిలుతో గదిలో చేయడం వేరు, సుద్దముక్కతో నలభైమందిలో చేయడం వేరు. పొదుపు మాట చూడగానే కొంచెం ఊపిరొచ్చింది. ఇక్కడైనా తలెత్తుకోవచ్చు. మూడు రకాల కాగితాలు మాన్పించేశాననీ, అంత కాగితం ఆదా చేశాననీ చెబితే హాజరు సంగతి ఎవరూ పట్టించుకోరేమో. మరి మేనకోడలి కాగితాలో? అది వేరే సంగతి, అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు ఉపాధ్యాయుల్ని సమావేశపరిచాడు. ఏడు గదులకి సున్నం అయింది, ఎనిమిదోది పెద్దసారు గది, అక్కడ పని నడుస్తోంది. అందుకని అందరూ మూడో తరగతిలో కూర్చున్నారు. డ్రిల్లు మాస్టారు, రెండో తరగతి టీచరు, ఇంకో నలుగురు, వాళ్ళ మధ్యలో రేకుపెట్టె, దాని పక్కన మూడురకాల టీచరు.

"పొదుపు గురించి మాట్లాడుకుందాం. మాటలెందుకు, కళ్ళారా చూడండి," అంటూ పెద్దసారు వంగి ఆ పెట్టె మూత ఎత్తాడు. మూత లోపలివైపు ఒక చీటీ అంటించి ఉంది. నాటకంలోలా గొంతు మార్చి చదివాడు. "చీమ కుడికి పోతే తేలికరకం. ఎడమకి పోతే మధ్యరకం. పైకి పోతే కష్టంరకం. చూశారా? చీమలకి కూడా తరగతులున్నాయి."

ఒకరిద్దరు నవ్వారు. పెద్దసారుకి హుషారొచ్చింది. ఫైళ్ళు లెక్కపెట్టాడు. "మూడో తరగతిలో పిల్లలు ముప్పైఒక్కమంది. ఫైళ్ళు ముప్పైరెండు. లేని పిల్లలకి కూడా కాగితం ఖర్చుపెడుతున్నారన్నమాట." అట్టమీద పేరు లేకుండా 32 అని మాత్రమే ఉన్న ఫైలు పైకి తీశాడు.

మూడురకాల టీచరు సగం లేచింది. "సార్, అది వద్దు సార్."

"వద్దంటే ఎలాగమ్మా, అందరూ విననీ," అని పెద్దసారు మొదటి కాగితం చదవడం మొదలుపెట్టాడు. "తెలివికి లోటు లేదు. రాని పని ఒకటుంది. అది రాదని చెప్పుకోవడానికి సిగ్గు. ఆ సిగ్గు కనపడకుండా కోపాన్ని ముందు నిలబెట్టే అలవాటు. నలుగురిలో అడగకూడదు. ఎవరూ చూడనప్పుడు ఇస్తే చేసుకురావడం ఖాయం. ఒకసారి ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇంకా..."

అక్కడ ఆయన గొంతు ఆగిపోయింది. చెయ్యి మాత్రం ఆగక కాగితం తిప్పింది. ఆ తర్వాతవన్నీ ఊదారంగు ముత్యాలు. ఒక్కోదాని మూలా ఒక చీమ. అన్ని చీమలూ కుడికే పోతున్నాయి. అన్నిటి అడుగునా, నాలుగు ముక్కలు అతికించిన నివేదిక, ఎర్రసున్నాలో నూటపన్నెండు.

పెద్దసారుకి అప్పుడు అర్థమైంది. ఈవిడకి మొదటిరోజు నుంచీ అంతా తెలుసు. చెల్లెలు తెలుసు, మేనకోడలు తెలుసు, ఎనిమిదిన్నరేళ్ళు తెలుసు. తెలిసే, ఒక్కసారి కూడా పెదవి విరవకుండా, పాపకి చెప్పండి సార్ అంటూ వచ్చింది. తను మాత్రం ఆవిడ పెట్టెని నడివీధిలో బోర్లించినట్టు బోర్లించాడు. తల కొంచెం ఎత్తి ఓరగా చూశాడు. గదిలో ఎవరూ నవ్వడంలేదు. డ్రిల్లు మాస్టారు తన బూట్లవైపు చూసుకుంటున్నాడు. రెండో తరగతి టీచరు శుభ్రంగా ఉన్న కళ్ళద్దాలనే తుడుస్తోంది. అందరికీ తెలిసిపోయిందనుకున్నాడు.

"అది సారుగారి మేనకోడలి ఫైలండీ," అంది మూడురకాల టీచరు మామూలు గొంతుతో. "సెలవులకి వచ్చింది. కాగితాలు పరీక్షించడానికి ఒక పిల్ల కావాలని నేనే అడిగాను. అంతా చిత్తుకాగితమే, బడిది ఒక్కటీ లేదు."

"అవును," అన్నాడు పెద్దసారు. "మా చెల్లెలి కూతురు." ఫైలు మూసి పెట్టెలో పెట్టాడు. టీ తాగి వెళ్ళండని అందరికీ చెప్పి, టీ రాకముందే తను వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఆయనకి ముద్ద దిగలేదు. నలుగురిలో నవ్వులపాలైతే ఎలా ఉంటుందో బడి మొత్తంమీద తెలిసిన మనిషి తనొక్కడే. ఆ పనే చేయబోయింది కూడా తనే. ఆవిడ తనని కాపాడినందుకు సంతోషించాలో, తన అబద్ధంతోనే కాపాడినందుకు తలదించుకోవాలో తెలియక తలదించుకునే పడుకున్నాడు.

తెల్లారింది, సమీక్ష వచ్చింది. "నూటపన్నెండు మాస్టారు వచ్చారా?" అన్నాడు విద్యాధికారి. నవ్వులు లేచాయి. పెద్దసారు లేచి బోర్డు దగ్గరికి నడిచాడు. ఒక చేత్తో సుద్దముక్క తీసుకున్నాడు. రెండో చేత్తో జేబులో పెన్సిలు తడుముకున్నాడు.

ఎనిమిది గళ్ళు గీశాడు. "ఇవి ఎనిమిది గదులనుకోండి. మా బడిలో ఈసారి పిల్లలు నూటఅరవై. గదికి ఇరవైమంది చొప్పున ఎనిమిది గదులకి సరిపోతారు. రోజూ వచ్చేది నూటనలభై. అంటే ఏడు గదులు నిండాయి, ఒకటి ఖాళీ." ఏడు గళ్ళకి సున్నం వేసినట్టు తెల్లగా పూశాడు. "నూరుని ఎనిమిది గదులకి పంచితే గదికి పన్నెండున్నర. ఖాళీ గదిది తీసేస్తే ఎనభైఏడున్నర. మా హాజరు ఎనభైఏడున్నర శాతం. నూరు దాటలేదండి."

విద్యాధికారి ఆ బొమ్మని చాలాసేపు చూసి రాసుకున్నాడు. వెనక వరసలోంచి ఒక ముసలి హెడ్మాస్టరు మెల్లిగా చెయ్యెత్తాడు. "ఆ పన్నెండున్నర ఎలా వచ్చింది మాస్టారూ? నాకోసం కాదు, మా గుమాస్తా అడుగుతాడు."

పెద్దసారు ఆయన్ని కళ్ళద్దాల పైనుంచి చూశాడు. ఆ గుమాస్తా ఎవరో ఆయనకి తెలిసిపోయింది. "మీ గుమాస్తాకి బొమ్మ వేస్తే తేలికా, భాగారం చేసి చూపిస్తే తేలికా, చిల్లపెంకులు పేర్చి చెబితే తేలికా?" అన్నాడు. అన్నాక, తను మూడు రకాలు అడిగానని తెలిసి ఉలిక్కిపడ్డాడు.

"మరి కాగితం పొదుపు?" అన్నాడు విద్యాధికారి.

"మా బడిలో కాగితం బాగా ఖర్చవుతుందండి. వీలైతే ఇంకొంచెం పంపించండి," అని పెద్దసారు వచ్చి కూర్చున్నాడు.

బడి తెరిచిన రోజు, గంట కొట్టకముందే, ఆయన ఉపాధ్యాయుల గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"నాకు అక్కచెల్లెళ్ళెవరూ లేరు," అన్నాడు.

అందరూ అయోమయంగా చూశారు. డ్రిల్లు మాస్టారు, "అయ్యో, ఎప్పుడు సార్?" అన్నాడు.

"ఎప్పుడూ లేరు. మేనకోడలూ లేదు. మొన్న చదివిన ఫైలు నాది. నాకు శాతాలు రావు. మొన్నటిదాకా రాలేదు. నేర్పినావిడ పెట్టెని మీ అందరిముందు తెరిచి ఎగతాళి చేశాను. సిగ్గులేని పని చేశాను. టీచరుగారూ, క్షమించండి."

డ్రిల్లు మాస్టారు మెల్లిగా గొంతు విప్పాడు. "మీదా సార్? నాది అనుకున్నాను. మీరు చదువుతుంటే నాకు చెమటలు పట్టాయి. నాకు రెండు వాక్యాలు తప్పుల్లేకుండా రాయడం రాదు. ఆటల నియమాలు చూసిపెట్టమని ఆవిడ ఏడాదిగా కాగితాలిస్తోంది. మా తమ్ముడు చేశాడని చెప్పి ఇస్తున్నాను."

"నేను మా అత్తగారు చేసిందని చెప్పాను," అంది రెండో తరగతి టీచరు, వినీవినపడనట్టు. "నాకు పెద్దవాళ్ళముందు నిలబడి మాట్లాడాలంటే నోరు పెగలదు."

అందరూ మూడురకాల టీచరువైపు తిరిగారు. ఆవిడ పెట్టెలో ఏదో సర్దుకుంటోంది. "ముప్పైరెండు కాదు సార్, ముప్పైఐదు," అంది. "మిగతావి ఇంట్లో ఉన్నాయి."

పెద్దసారు మనసులో కూడుకున్నాడు. పిల్లలు ముప్పైఒక్కమంది, ఇక్కడ ముగ్గురు. "ముప్పైఐదోది ఎవరిదమ్మా?"

"మావారిది సార్. ఆయన పాలు పొంగిస్తూనే ఉన్నారు."

గంట కొట్టారు. వెళ్ళబోతూ ఆవిడ ఒక కాగితం తీసి పెద్దసారు చేతిలో పెట్టింది. ఆయన దాన్ని కొత్తగా సున్నం వేసిన తన గదిలోకి తీసుకెళ్ళి, ఈసారి గడియ పెట్టకుండా, మూల చూశాడు. చీమ ఎడమకి పోతోంది.

హెడ్మాస్టరు ఉద్యోగం వచ్చిన రోజు కూడా ఆయన అంత పొంగిపోలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చిన దర్జీని చెయ్యిపట్టి లోపలికి లాక్కొచ్చి ఆ కాగితం చూపించాడు. దర్జీ చీమవైపు కన్నార్పకుండా చూశాడు.

"రెండు నెలల్లోనా సార్?" అన్నాడు. తర్వాత ప్రశ్నలవైపు చూశాడు. "అన్నీ చేసేశారా?"

"మొదటిది అయింది. రెండోది పొద్దుట్నుంచీ రావడంలేదు."

"అయితే వెళ్ళి అడగండి సార్. నేను ఈ పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే ఇలా ఉండిపోయాను."

పెద్దసారు పెన్సిలు చెవిమీద పెట్టుకుని వరండా దాటి మూడో తరగతి గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పైఒక్కమంది పిల్లలు, ఎవరి కాగితం వాళ్ళముందు పెట్టుకుని, తలెత్తి ఆయనవైపు చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా అక్కణ్ణించి కదల్లేదు.

"టీచరుగారూ," అన్నాడు అందరికీ వినపడేలా, "రెండో ప్రశ్న నాకు రాలేదు."

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి ఆయన్ని ఒకసారి చూసింది.

"లోపలికి వచ్చి కూర్చోండి సార్," అంది. "ఏ రకంగా చెప్పమంటారు?"